గది మూలన నిలబడి వేసే ఓటు

గుంటూరు జిల్లాలో సివిక్స్ లెక్చరరుగా రిటైరైన బాబాయి తన సర్వీసులో ఏడు ఎన్నికలకు ప్రిసైడింగ్ ఆఫీసరుగా పనిచేశాడు. ఓటరు మీట నొక్కుతుంటే కట్టుకున్న మొగుడు కూడా తొంగిచూడకూడదని, అట్టపెట్టె కంపార్ట్‌మెంటు కిటికీకి ఎదురుగా ఉంటే తెల్లవారుజామునే బల్లలు జరిపించిన మనిషి. అలాంటాయన అమెరికాలోని అయోవా రాష్ట్రానికి, డిమోయిన్ నగర శివార్లలో ఉంటున్న అన్నకొడుకు ఇంటికి చుట్టపుచూపుగా వచ్చాడు. పార్టీవాళ్లు ఒకచోట చేరి అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకునే కాకస్ అంటే ఏమిటో అబ్బాయి చెప్పడం మొదలుపెట్టిన రెండో నిమిషంలోనే చేతిలో టీ కప్పు కింద పెట్టేశాడు.

“అంటే, నువ్వు ఎవరి పక్షమో ఊరందరికీ కనబడేలా గోడ పక్కన నిలబడాలా?”

“డెమోక్రాట్లకు 2020 దాకా అంతే బాబాయ్. రిపబ్లికన్లది వేరు. వాళ్లు అభ్యర్థుల తరఫు వాళ్లు చెప్పేది విని, చీటీ మీద పేరు రాసి ఇస్తారు.”

“మరి మీకు రహస్య బ్యాలెట్ లేదా?”

“అప్పట్లో లేదు.”

“ఇంక అది ఓటెలా అయిందిరా!”

ఆ మాటతో అంటుకున్న వాదన రాత్రి భోజనాల దాకా సాగింది.

అబ్బాయికి పౌరసత్వం వచ్చాక వెళ్లిన మొదటి కాకస్ 2020 ఫిబ్రవరి 3, సోమవారం సాయంత్రం 7 గంటలకు. వాళ్ల ప్రీసింక్టుకు దగ్గర్లోని స్కూలు జిమ్ ఇచ్చారు. ప్రీసింక్టు అంటే మన పోలింగ్ బూత్ పరిధి లాంటిది. రాష్ట్రం మొత్తం మీద అవి 1,700కు దగ్గరగా ఉన్నాయి. తలుపు దగ్గర పేరు చూసుకుని లోపలికి పంపుతారు. పార్టీలో నమోదై ఉండాలి, అయితే ఆ నమోదు అక్కడికక్కడే చేయించుకోవచ్చు. నవంబరు ఎన్నికనాటికి 18 నిండుతాయంటే 17 ఏళ్ల పిల్లలు కూడా రావచ్చు. గోడలకు అభ్యర్థుల పేర్లు అంటించి ఉండేవి. ఎవరికి నచ్చిన పేరు కింద వాళ్లు చేరేవాళ్లు. అప్పుడు తలలు లెక్కపెట్టేవాళ్లు.

“సుమారు రెండొందల మందిమి ఉన్నాం,” అన్నాడు అబ్బాయి. “నూటికి 15 మంది ఉంటేనే ఆ గుంపు నిలుస్తుంది. అంటే 30 మంది కావాలి. మా గుంపులో 24 మందే తేలాం. ఇక చూడు బాబాయ్, చుట్టుపక్కల గుంపుల వాళ్లంతా మా మీదికి వచ్చేశారు. మా వీధి చివర ఉండే ముసలాయన, రైతుగా బతికినాయన, మందుల ధరల గురించి పది నిమిషాలు నాతో మాట్లాడాడు. అంతకుముందు మూడేళ్లలో ఆయనా నేనూ చెయ్యి ఊపుకోవడం తప్ప మాటాడుకున్నది లేదు. చివరికి ఆయన గుంపులోకే వెళ్లాను. నా మొదటి మనిషి ఓడినా నా ఓటు మురిగిపోలేదు.”

బాబాయి వెంటనే ఒప్పుకోలేదు. “ఆ ముసలాయన నీ పొరుగాయన కాబట్టి సరిపోయింది. నీకు జీతమిచ్చే యజమానో, నీ ఇంటి ఓనరో అయితే? మండల పరిషత్ అధ్యక్షుడి ఎన్నిక చేతులెత్తి జరుగుతుంది మనకి. అది దగ్గర పడుతోందనగానే ఎంపీటీసీలను బస్సులెక్కించి క్యాంపులకు తరలించడం నువ్వు పేపర్లో చదవలేదా? చెయ్యి కనబడుతుంది కాబట్టే ఆ చేతికి ఒక రేటు.”

“వాళ్లు పదుల్లో ఉండే సభ్యులు. ఇక్కడ రాష్ట్రం మొత్తం మీద లక్షన్నర, రెండు లక్షల మంది మామూలు జనం. అందరినీ ఏ బస్సు ఎక్కిస్తారు?”

“కొననక్కర్లేదురా. మొహమాటపెడితే చాలు.”

ఇది తేలిగ్గా తీసిపారేయాల్సిన మాట కాదు. మొహమాటం అనే మనకు బాగా తెలిసిన బరువు అయోవా జిమ్‌లోనూ ఉండేది. భార్య ఒక మూలకు, భర్త ఒక మూలకు నడిచిన ఇళ్లూ ఉంటాయి, నడవలేక ఒకే మూలన నిలబడ్డ ఇళ్లూ ఉంటాయి. మొదటివాళ్ల కథలే అందరూ చెప్పుకుంటారు, రెండోవాళ్లు నోరు విప్పరు.

అసలు ఇంత చిన్న రాష్ట్రం ముందు వరసలోకి ఎలా వచ్చిందో అబ్బాయికి బాగా తెలుసు. 1968లో షికాగోలో జరిగిన డెమోక్రాట్ల మహాసభ రభసగా ముగిశాక, అభ్యర్థి ఎంపిక నాయకుల గదుల్లోంచి కార్యకర్తల చేతికి రావాలని పార్టీ నిబంధనలు మార్చింది. అయోవాలో ఎంపికకు నాలుగు మెట్లు: ప్రీసింక్టు, కౌంటీ, జిల్లా, రాష్ట్రం. ఒక్కో మెట్టుకూ మధ్య తగినంత గడువు ఉండాలన్నారు. రాష్ట్ర సభకు డిమోయిన్‌లో హోటల్ గదులు దొరికే తేదీ నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ, పాత మిషను మీద కాగితాలు నెమ్మదిగా అచ్చయ్యే రోజులు కూడా కలుపుకుంటే, మొదటి మెట్టు 1972 జనవరి 24న పడిందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. దేశంలో అందరికంటే ముందు తమ వంతు వచ్చింది. 1976 నుంచి రిపబ్లికన్లూ అదే రోజుకు చేరారు. ఆ తర్వాత ఆ స్థానాన్ని పోగొట్టుకోకుండా, వేరే ఏ రాష్ట్రం కంటే అయినా కనీసం 8 రోజుల ముందు మా కాకస్‌లు జరగాలని ఏకంగా చట్టమే చేసుకున్నారు.

“హోటల్ గదుల కోసం పెట్టుకున్న తేదీ దేశాధ్యక్షుడి తలరాత రాస్తోందన్నమాట,” అన్నాడు బాబాయి.

“తలరాత కాదు బాబాయ్, అవకాశం. 1976లో జిమ్మీ కార్టర్ అంటే ఎవరికీ తెలియదు. జార్జియాలో వేరుశనగ పండించుకునే మాజీ గవర్నరు. హోటల్‌కు డబ్బుల్లేక అయోవాలో జనం ఇళ్లలో పడుకుని, పొద్దున్నే పక్క సర్దేసి వెళ్లేవాడట. 27 శాతం పైచిలుకు వచ్చాయి.”

“గెలిచాడా?”

అబ్బాయి కాస్త ఆగాడు. “నిజానికి ఎవరికీ కట్టుబడం అన్నవాళ్లే మొదటి స్థానం, 37 శాతం. అభ్యర్థుల్లో మాత్రం ఆయనే ముందు. రెండో ఆయన బర్చ్ బై, 13 శాతం.”

“అయితే ఎవరూ వద్దన్నవాళ్లు గెలిస్తే కార్టర్ గెలిచాడని పేపర్లు రాశాయి!”

“రాశాయి. ఆ రాతల వెంట విరాళాలొచ్చాయి, మనుషులొచ్చారు. నవంబరుకు అధ్యక్షుడయ్యాడు.”

కాకస్ కిటుకంతా ఇక్కడే ఉంది. 2020 డెమోక్రాట్ల జాతీయ సభకు ఓటు ద్వారా ఎన్నికయ్యే ప్రతినిధులు 3,979 మంది. అయోవా వాటా 41. నూటికి ఒకటి. 2024లో రిపబ్లికన్లకు 2,429 మందిలో 40. ఈ లెక్కలో అయోవాలో పూర్తిగా ఓడిపోయినా ఎవరికీ పోయేదేమీ లేదు. అయినా ఆ రాత్రే దుకాణం కట్టేసేవాళ్లు కనబడతారు. 2004లో డిక్ గెప్‌హార్ట్ నాలుగో స్థానంలోకి పడిపోయి మర్నాడే తప్పుకున్నాడు. అదే అయోవాలో 1988లో ఆయన మొదటివాడు. 2008 జనవరి 3 రాత్రి జో బైడెన్, క్రిస్ డాడ్ ఇద్దరూ విరమించారు, బైడెన్‌కు ఒక్క శాతం కూడా రాలేదు. 2012లో మిషెల్ బాక్‌మన్ మర్నాడు. 2016లో మార్టిన్ ఒమాలీ, మైక్ హకబీ ఆ రాత్రే, ర్యాండ్ పాల్, రిక్ శాంటోరం రెండు రోజులకు. 2024 జనవరి 15న వివేక్ రామస్వామి ఆ రాత్రే, ఆసా హచిన్సన్ మర్నాడు, రెండో స్థానం వచ్చిన రాన్ డిశాంటిస్ వారం తిరగకుండా తప్పుకున్నారు. వీళ్లను తీసేసింది ప్రతినిధుల సంఖ్య కాదు. ఓడినవాడి ఫోను దాతలు ఎత్తరు, టీవీవాళ్లు మైకు పెట్టరు, జీతాలివ్వలేక ఆఫీసులు మూతపడతాయి. అయోవా నుంచి బయటికి మూడే టిక్కెట్లు అని అక్కడో నానుడి ఉంది.

“జల్లెడ అన్నాక తాలు పోవాల్సిందే,” అన్నాడు అబ్బాయి. “పదీ పన్నెండు మంది బరిలో ఉంటే జనం ఎవర్నని చూస్తారు? కాలిఫోర్నియాలో మొదలుపెడితే టీవీ ప్రకటనలకు కోట్లు పోసినవాడే నిలుస్తాడు. ఇక్కడ 99 కౌంటీలు. కారేసుకుని, పిజ్జా హోటల్లో ఇరవై మంది ముందు కూర్చుని ప్రశ్నలకు జవాబు చెప్పుకోవాలి. 2012లో శాంటోరం డబ్బుల్లేకుండా 99 కౌంటీలూ తిరిగి మిట్ రోమ్నీతో సమానంగా నిలిచాడు.”

“డిశాంటిస్ కూడా 99 తిరిగాడని పొద్దున నువ్వే చెప్పావు.”

“తిరిగాడు.”

“ఎంత తేడా?”

“30 శాతం. ట్రంప్‌కు 51, ఆయనకు 21.”

“మరి కాళ్లరిగితే ఓట్లు రాలతాయన్న సూత్రం ఏమైంది?”

అబ్బాయి మాట మార్చి ఒబామా దగ్గరికి వెళ్లాడు. అది అతని వాదనలో బలమైన చోటు, అతనికీ తెలుసు. జనాభాలో నూటికి 80కి పైగా తెల్లవాళ్లున్న రాష్ట్రం 2008లో బరాక్ ఒబామాకు దాదాపు 38 శాతంతో మొదటి స్థానం ఇచ్చింది. జాన్ ఎడ్వర్డ్స్, హిల్లరీ క్లింటన్ 30 దగ్గర నిలిచారు. నల్లవాడికి తెల్లవాళ్లు వెయ్యరులే అని అంతవరకు అనుమానపడ్డ దక్షిణ కెరొలైనా నల్లజాతి ఓటర్లు ఆ రాత్రి తర్వాత పెద్దఎత్తున ఆయన వైపు తిరిగారు. డెమోక్రాట్ల కాకస్‌లకు ఆ ఏడు వచ్చిన జనం సుమారు 2 లక్షల 39 వేలు, మునుపెన్నడూ చూడనంత.

“ఇంకే పద్ధతిలో ఇది జరిగేది చెప్పు బాబాయ్.”

బాబాయి కాసేపు మాట్లాడలేదు. “అది నిజంగా గొప్ప రాత్రేరా. కాదనను. కానీ ఒక రాత్రి బాగా పండిందని పద్ధతి మంచిదైపోదు. 2020 సంగతి చూడు. కమలా హారిస్, కోరీ బుకర్, హూలియన్ కాస్ట్రో... వీళ్లు అయోవాలో ఓడారా?”

“లేదు. హారిస్ 2019 డిసెంబరులోనే తప్పుకున్నారు. మిగతా ఇద్దరూ జనవరిలో. కాకస్ దాకా రానేలేదు.”

“చూశావా. అయోవాలో నిలవలేమని సర్వేలు చెప్పాయి, డబ్బు ఆగిపోయింది, ఒక్క ఓటూ పడకముందే ముగ్గురు పోయారు. మీ జల్లెడ కాకస్ రాత్రి ఆడుతుందంటున్నావు. అది ముందు ఏడాది నుంచే ఆడుతోంది, దాన్ని ఆడించే చెయ్యి మీ జిమ్‌లో లేదు.”

ఇక్కడ బాబాయి మాటే నిజం. 2023లో రిపబ్లికన్లలోనూ మైక్ పెన్స్ అక్టోబరులో, టిమ్ స్కాట్ నవంబరులో, డగ్ బర్గమ్ డిసెంబరులో వెళ్లిపోయారు. క్రిస్ క్రిస్టీ 2024 కాకస్‌కు ఐదు రోజుల ముందు. మొత్తం పోటీదారుల్లో సగం మందిని వడపోసింది ఓటరు కాదు, ఓటరు ఏం చేయబోతాడో అన్న అంచనా.

లెక్కింపు మాట వచ్చేసరికి మాత్రం బాబాయి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ఆయన సొంత ఇలాకా అది.

2012 జనవరి 3 రాత్రి రిపబ్లికన్ల కాకస్‌లో మిట్ రోమ్నీ 8 ఓట్లతో గెలిచాడన్నారు. పత్రికలు ఆయన్ను ముందు పెట్టాయి. వారానికి న్యూ హాంప్‌షైర్‌లో ఆయనే గెలిచాడు, వరసగా రెండు అని రాశారు. జనవరి 19న తుది లెక్క వచ్చింది: శాంటోరం 34 ఓట్ల ఆధిక్యం. పైగా 8 ప్రీసింక్టుల ఫలితాల కాగితాలే దొరకలేదు.

“దొరకలేదు అంటే?” బాబాయి గొంతు లేచింది. “ఫారం 17సీ అని ఒకటుంటుంది మా దగ్గర. ఎన్ని ఓట్లు పోలయ్యాయో అందులో రాసి, ఏజెంట్లందరికీ సంతకంతో నకలు ఇచ్చిగాని బూతు వదలకూడదు. రాత్రి పన్నెండైనా, లాంతరు వెలుగులో అయినా సరే. ఆ కాగితం పోతే ఉద్యోగం పోయినంత పని. ఇక్కడ ఎనిమిది బూతుల కాగితాలు పోతే ఎవరిని నిలదీశారు?”

“వాలంటీర్లు బాబాయ్. ఇది ప్రభుత్వం జరిపే ఎన్నిక కాదు. పార్టీ జరుపుకునేది.”

“అదే నేననేది. దేశాధ్యక్షుడు ఎవరు కావాలో తేల్చే మొదటి మెట్టు, మీ పార్టీ ఇంటి వ్యవహారం!”

2020 ఇంకా కష్టపెట్టింది. ఫలితాలు పంపడానికి డెమోక్రాట్ల పార్టీ కొత్తగా తెప్పించిన యాప్ ఆ రాత్రే మొరాయించింది. ఫోన్ చేసి చెబుదామంటే లైన్లు గంటల తరబడి దొరకలేదు. ఆ రాత్రి ఒక్క అంకె కూడా బయటికి రాలేదు. పూర్తి లెక్కకు మూడు రోజులు పట్టింది. తలల లెక్కలో బెర్నీ శాండర్స్ ముందు. రాష్ట్ర సభ ప్రతినిధుల లెక్కలో పీట్ బుటిజెజ్ వెంట్రుకవాసి ముందు. జాతీయ ప్రతినిధులు బుటిజెజ్‌కు 14, శాండర్స్‌కు 12. లెక్కల్లో తేడాలున్నాయని అసోసియేటెడ్ ప్రెస్ ఎవరినీ విజేతగా ప్రకటించలేదు. రాష్ట్ర పార్టీ అధ్యక్షుడు రాజీనామా చేశాడు. నాలుగో స్థానంలోకి పడిపోయిన బైడెన్ ఆ ఏడాది అభ్యర్థి అయ్యాడు, అధ్యక్షుడూ అయ్యాడు. ఆయన్ను నిలబెట్టింది ఫిబ్రవరి 29న దక్షిణ కెరొలైనా.

“కొన్నిచోట్ల సమానంగా వస్తే నాణెం ఎగరేశారని నవ్వుతారు చాలామంది,” అన్నాడు అబ్బాయి, అదీ తనే ముందు చెప్పేస్తే మంచిదన్నట్టు.

“అందులో తప్పేముంది? మనకీ సమానంగా వస్తే చీటీ తీస్తారు. చట్టంలోనే ఉంది.” బాబాయి న్యాయం న్యాయమే.

ఆ చొరవతో అబ్బాయి మళ్లీ తన 24 మంది దగ్గరికి వచ్చాడు. “లెక్కింపు చెడ్డదని ఒప్పుకుంటాను. కానీ రెండో ఎంపిక మాట ఏమిటి? ఓటేసి వెళ్లిపోయే మామూలు ప్రైమరీలో నా ఓటు మా అభ్యర్థితో పాటే మునిగిపోయేది. ఇక్కడ మళ్లీ లేచింది. దీన్ని ఎలా వదులుకుంటాం?”

“ఎందుకు వదులుకోవడం? గుంటూరులో పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలో నేను వేసిన ఓటు ఎలాంటిదనుకున్నావు? ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసి వచ్చాను. మొదటి ఆయన ఎలిమినేట్ అయితే నా కాగితం రెండో ఆయన కట్టలోకి వెళ్తుంది. రాష్ట్రపతి ఎన్నికా అంతే. 1969లో ఇద్దరూ తెలుగువాళ్లే, వి.వి. గిరి, నీలం సంజీవరెడ్డి. మొదటి ప్రాధాన్య ఓట్లతో తేలలేదు, రెండోవి లెక్కపెడితే గిరిగారు గెలిచారు. నువ్వు జిమ్‌లో ఒక మూల నుంచి ఇంకో మూలకు నడిచావు చూడు, ఆ నడకే నా కాగితం మీద అంకె. ఎవరూ చూడకుండా.”

అబ్బాయి చాలాసేపు ఏమీ అనలేదు. 2020లోనే అలాస్కా, హవాయి, కాన్సస్, వయోమింగ్ డెమోక్రాట్లు సరిగ్గా ఇలా అంకెలు వేసే కాగితాలతోనే ఎంపిక జరుపుకున్నారని అతనికి గుర్తొచ్చింది, దాచకుండా చెప్పాడు. కొలరాడో, మిన్నెసోటా, వాషింగ్టన్ వంటివి అప్పటికే కాకస్‌లు వదిలి ప్రైమరీలకు మారాయి. 2021లో నెవాడా ప్రైమరీకి చట్టం చేసింది.

“కానీ ఆ ముసలాయన నాతో మాట్లాడిన పది నిమిషాలు నీ కాగితంలో లేవు బాబాయ్.”

“లేవు,” అన్నాడు బాబాయి. ఈసారి వాదనకు కాదు. “అవి లేవురా. అది మా దగ్గరా ఉంటే బాగుండేది. ఓటరుకు డబ్బు కవరు ఇచ్చి వెళ్లేవాడే తప్ప, నీ మనసులో ఏముందని కూర్చుని అడిగేవాడు లేడు.”

అప్పుడే గరాజ్ తలుపు చప్పుడైంది. కోడలు ఆసుపత్రి నుంచి వచ్చింది. ఆమె నర్సు; ఈ దేశంలో ఆమెకూ ఓటుంది. కోటు విప్పి చేతులు రుద్దుకుంటూ, “ఏంటి మావయ్యగారూ, ఇంకా భోంచెయ్యలేదా?” అంది. సంగతి విని అక్కడే నిలబడింది.

“2020లో ఆ సోమవారం నాకు సాయంత్రం డ్యూటీ. ఏడింటికి వార్డులో ఉన్నాను. ఈయన ఇంటికొచ్చి గుంపులూ, గోడలూ, లెక్కలూ అని రాత్రంతా చెప్పారు. బాగుంది అనుకున్నాను. మా వార్డులో ఆ రాత్రి పదకొండు మందిమి పనిలో ఉన్నాం. ఒక్కరం కూడా వెళ్లలేదు.”

“పనిలో ఉన్నవాళ్ల కోసం వేరేచోట్ల కూడా కాకస్‌లు పెట్టారు కదా ఆ ఏడాది,” అన్నాడు అబ్బాయి మెల్లగా. పెట్టిన మాట నిజమే. శాటిలైట్ కాకస్‌లని, పారిస్‌లోనూ గ్లాస్గోలోనూ ఉన్న అయోవావాళ్లకు కూడా పెట్టారు.

“పారిస్‌లో పెట్టారు. మా వార్డులో పెట్టలేదు.”

బాబాయి ఆమె వైపు తిరిగాడు. “2024లోనో అమ్మాయ్?”

2024 జనవరి 15న రిపబ్లికన్ల కాకస్‌కు సుమారు లక్షా పదివేల మందే వచ్చారు. గాలి చలి ఫారెన్‌హీట్ లెక్కన సున్నాకు ఎంతో దిగువన ఉన్న రాత్రి. చాలాచోట్ల జనం ఇంకా చీటీలు రాస్తుండగానే, మొదలైన అరగంటకే, ట్రంప్ గెలిచాడని వార్తాసంస్థలు ప్రకటించేశాయి. డెమోక్రాట్ల దారి ఆ ఏడాది మారింది. జాతీయ పార్టీ అయోవాను ముందు వరసలోంచి తీసేసి దక్షిణ కెరొలైనాకు ఆ చోటిచ్చింది. అయోవా డెమోక్రాట్లు అధ్యక్ష అభ్యర్థి ఎంపికను జిమ్‌లోంచి తపాలాకు మార్చారు. కార్డు కావాలని అడిగినవాళ్లకు ఇంటికే పంపారు.

“నేనూ తెప్పించుకున్నాను,” అంది కోడలు. “ఇదిగో, ఈ బల్ల దగ్గరే కూర్చుని, డ్యూటీ నుంచి వచ్చాక, తీరిగ్గా టిక్కు పెట్టాను. ఈయనకు కూడా చూపించలేదు.”

బాబాయి ముఖం వెలిగింది. “అదీ ఓటంటే!”

“కానీ మావయ్యగారూ, అందులో మూడే పేర్లున్నాయి. బైడెన్‌గారు, ఇంకో ఇద్దరు. కింద ఎవరికీ కట్టుబడం అని ఒక గడి. ఆయన అప్పటికే అధ్యక్షుడు, ఆయనే అభ్యర్థి అని అందరికీ తెలుసు. 2020లో పదకొండు మంది ఉన్నప్పుడు నాకు ఓటు లేదు. నాకు ఓటొచ్చేసరికి ఎంచుకోవడానికి ఎవరూ మిగల్లేదు.”

వంటింట్లోకి వెళ్లి పప్పు వేడి పెట్టింది. ఆ కార్డుల ఫలితాలు 2024 మార్చి 5న వెలువడ్డాయి. అదే రోజు పదిహేను రాష్ట్రాలు ఓటేశాయి. అయోవాలో ఎవరికెన్ని వచ్చాయో ఆ రాత్రి ఏ టీవీలోనూ పెద్ద వార్త కాలేదు.